షుగరు జబ్బు లేనివారికి షుగరు పడిపోతే

(ఉప్పలగుప్తం మండల మహిళా సమాఖ్య సర్వసభ్య సమావేశంలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి బాకీలు ఇందాకటి నుంచీ విన్నారు. మేం చెప్పబోయేది కూడా ఒక రకంగా లెక్కల సంగతే. ఈ ఏడాది ఆసుపత్రి ఖర్చులకని సంఘంలో అప్పు తీసుకున్నవారితో మాట్లాడినప్పుడు ఒక మాట పదేపదే వినబడింది. "నీరసమండి, సెలైన్ పెట్టించుకున్నాం." ఎందుకు నీరసం అంటే సమాధానం లేదు. సెలైన్ పెట్టిన పూట బాగానే ఉంటుంది. వారం తిరక్కుండా మళ్లీ అదే.

వారిలో ఒక సభ్యురాలి సంగతి ఆమె అనుమతితో చెబుతున్నాం. పేరు చెప్పవద్దంది, చెప్పం. ఇంట్లో కుట్టుమిషను మీద జాకెట్లు కుడుతుంది. పొద్దున్నే చక్కెర ఎక్కువ వేసిన టీ, రెండు బిస్కెట్లు. ఎనిమిదింటికి ఇడ్లీలు, చట్నీ కాస్త. పదకొండు అయ్యేసరికి చేతులు వణికి సూదిలో దారం ఎక్కేది కాదు. గుండె దడ, చెమట, కళ్లు బైర్లు కమ్మడం, పిల్లల మీద ఊరికే విసుగు. ఏదో ఒకటి నోట్లో వేసుకుంటే పావుగంటలో తేరుకునేది. రెండు చోట్ల పరగడుపున రక్తం తీసి చూశారు. రిపోర్టు బాగానే ఉంది. "ఏమీ లేదమ్మా, బెంగ పెట్టుకున్నావు" అన్నారు. ఇంకొకరు "ఇది షుగరే" అన్నారు. ఆ మాట విని అత్తగారి షుగరు మాత్ర సగం విరిచి వేసుకుందామనుకుంది. గ్రూపు లీడరు చూసి ఆపింది. ఆ మాత్ర వేసుకుని ఉంటే ఏమయ్యేదో మీకు చివరికి అర్థమవుతుంది.

ముందు ఒక తికమక తీర్చుకుందాం. మనం జబ్బునీ షుగరు అంటాం, రక్తంలో ఉండే చక్కెరనీ షుగరు అంటాం. షుగరు జబ్బు అంటే రక్తంలో చక్కెర ఎక్కువగా ఉండిపోవడం. ఆమెకు వచ్చింది చక్కెర పడిపోవడం. షుగరు జబ్బుకి మందులు వాడేవారికి చక్కెర పడిపోతుందని మనలో చాలామందికి తెలుసు. ఆ జబ్బు లేనివారిలో కూడా కొందరికి భోజనం చేసిన రెండు నుంచి ఐదు గంటల లోపు పడిపోతుంది. దీన్ని డాక్టర్లు రియాక్టివ్ హైపోగ్లైసీమియా అంటారు. పేరు గుర్తుండకపోయినా ఫరవాలేదు. "తిన్న తర్వాత షుగరు పడిపోవడం" అని చెప్పినా డాక్టరుకి అర్థమవుతుంది.

ఎందుకు పడిపోతుంది? అన్నం, ఇడ్లీ, టీలో చక్కెర, ఇవన్నీ కడుపులో గ్లూకోజ్‌గా మారి రక్తంలోకి వస్తాయి. అప్పుడు క్లోమం ఇన్సులిన్ వదులుతుంది. అది ఆ చక్కెరని కండల్లోకి, కాలేయంలోకి పంపిస్తుంది. కొందరిలో చక్కెర ఒక్కసారిగా పెరిగి, ఇన్సులిన్ ఆలస్యంగా, ఎక్కువగా వస్తుంది. మన చేలలో చూస్తుంటాం కదా, నీరు నిండిపోయిందని గట్టు బాగా తెంపేస్తే, మళ్లీ కట్టేలోగా చేను ఆరిపోతుంది. అలాంటిదే ఇది. చక్కెర తగ్గేసరికి శరీరం కంగారుపడి అడ్రినలిన్ వదులుతుంది. చెమట, దడ, వణుకు దానివల్లే. మెదడుకి చక్కెర చాలకపోతే మాట తడబడుతుంది, మతి స్థిమితం తప్పుతుంది.

ఇది కొత్తగా కనిపెట్టిన జబ్బు కాదు. ఇన్సులిన్ మందుగా వచ్చిన కొద్ది కాలానికే, 1924లో, అమెరికాలో సీల్ హారిస్ అనే డాక్టరు ఒక సంగతి రాశారు. ఇన్సులిన్ ఎక్కువైన రోగులకు వచ్చే లక్షణాలే, ఇన్సులిన్ అసలు వాడనివారిలో కూడా కనిపిస్తున్నాయని. తర్వాత 1938లో న్యూయార్క్‌లో విపుల్ అనే శస్త్రచికిత్స డాక్టరు మూడు గుర్తులు చెప్పారు. ఒకటి, లక్షణాలు ఉండాలి. రెండు, ఆ లక్షణాలు ఉన్న సమయంలోనే తీసిన రక్తంలో చక్కెర తక్కువ ఉండాలి. మూడు, చక్కెర పెరగగానే లక్షణాలు తగ్గాలి. ఈ మూడూ కలిస్తేనే నిజంగా షుగరు పడిపోయినట్టు. ఇప్పటికీ డాక్టర్లు వాడే కొలత ఇదే. షుగరు జబ్బు లేనివారిలో 55 మిల్లీగ్రాముల కంటే తగ్గితే దాన్ని తక్కువగా లెక్కిస్తారు.

ఇప్పుడు మన సభ్యురాలి రిపోర్టులు రెండుసార్లూ ఎందుకు బాగున్నాయో చూడండి. రక్తం తీసింది పరగడుపున. ఆమెకు తేడా చేసేది పదకొండింటికి. దొంగ మధ్యాహ్నం వస్తుంటే పొద్దున్న కాపలా కాసినట్టయింది.

ఇక్కడ మన పంచసూత్రాలు పనికొచ్చాయి. క్రమం తప్పని సమావేశాలు, పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో చెల్లింపు, పుస్తకాలు రాయడం. ఐదో సూత్రాన్ని ఆమె తన ఒంటికి వాడుకుంది. గ్రూపు లీడరు ఒక నోటుపుస్తకం ఇచ్చి నాలుగు గడులు గీసింది. ఏం తిన్నావు, ఎన్నింటికి తిన్నావు, ఎన్నింటికి తేడా చేసింది, ఏం తీసుకుంటే ఎంతసేపటికి తగ్గింది. రెండు వారాలు రాసేసరికి లెక్క బయటపడింది. టీ, బిస్కెట్టు, ఇడ్లీ తిన్న రోజుల్లో మూడు గంటలకు వస్తోంది. గుడ్డు గానీ, పెసరట్టు గానీ తిన్న రోజుల్లో రాలేదు. పరగడుపున ఒక్కసారీ రాలేదు.

ఆ పుస్తకం చూసిన డాక్టరు ఆమెను మర్నాడు పొద్దున్నే రమ్మని, మామూలుగా తినే టిఫినే తినిపించి, ఐదు గంటలు కూర్చోబెట్టి అరగంటకోసారి రక్తం తీయించారు. మూడో గంటలో వణుకు మొదలైంది. అప్పటి రక్తంలో చక్కెర 49. గ్లూకోజ్ ఇవ్వగానే తగ్గింది. మూడు గుర్తులూ కలిశాయి. ఇన్సులిన్, థైరాయిడ్, మూడు నెలల షుగరు పరీక్షలు కూడా చేయించి, వేరే జబ్బు లేదని తేల్చారు.

ఈ పరీక్షలో మనం గమనించవలసినవి మూడున్నాయి.

మొదటిది గ్లూకోమీటర్. ఏఎన్‌ఎం దగ్గర, కొందరి ఇళ్లలో ఉంటుంది. అది సూచన మాత్రమే ఇస్తుంది. చక్కెర తక్కువగా ఉన్నప్పుడు మంచి మీటరు కూడా 15 దాకా అటూఇటూ చూపించవచ్చు. మీటర్లో 60 అని వస్తే అసలు 45 ఉండొచ్చు, 75 ఉండొచ్చు. అందుకని మీటరు అంకె పుస్తకంలో రాసుకోండి గానీ దాంతోనే తీర్పు చెప్పకండి. ల్యాబు పరీక్షే చెప్పాలి.

రెండోది రక్తం గొట్టం. మన ఊళ్లో రక్తం తీసి అమలాపురం పంపిస్తే, చేరేసరికి గంటలు పడుతుంది. గొట్టంలో ఉన్న రక్తకణాలు ఆ చక్కెరని గంటగంటకీ వాడేసుకుంటాయి. చివరికి లేని తక్కువ కనిపిస్తుంది. చక్కెర పరీక్షకి బూడిద రంగు మూత ఉన్న గొట్టం వేరే ఉంటుంది. అందులో వేసిన మందు దాన్ని అరికడుతుంది. "బూడిద రంగు గొట్టంలోనే తీశారా అండి?" అని అడగండి. అడిగితే ఎవరూ కోప్పడరు.

మూడోది గ్లూకోజ్ నీళ్లు తాగించి చేసే పరీక్ష. అలా వట్టి గ్లూకోజ్ తాగితే ఏ జబ్బూ లేని చాలామందికి కూడా చక్కెర కిందికి దిగుతుంది. 1970ల్లో అమెరికాలో నీరసం ఉన్న ప్రతివారూ తమకిదే జబ్బని అనుకుంటుంటే, డాక్టర్ల సంఘాలే ప్రకటన ఇచ్చి సర్దిచెప్పవలసి వచ్చింది. అందుకే ఇప్పుడు మామూలు భోజనం పెట్టి చేసే పరీక్షకే విలువ.

ఆ పొరపాటు మనకూ వద్దు. ఇది విని ఇంటికెళ్లి "నాదీ అదే" అనుకోకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత ఉందని తేలింది. కళ్లు తిరగడానికి ముందుగా చూడవలసింది అదే. బీపీ, థైరాయిడ్ కూడా ఉంటాయి. ఇంటిల్లిపాదికీ పెట్టి తను రెండింటికి తినే ఆడదానికి మధ్యాహ్నం వచ్చే నీరసం చాలాసార్లు వట్టి ఆకలే.

వైద్యం గురించి. మన సభ్యురాలికి మందు అవసరం పడలేదు. తిండి మార్చుకుంది. వరుసగా చెబుతాం.

ఒకేసారి కడుపునిండా తినకుండా మూడు గంటలకోసారి కొద్దికొద్దిగా తినాలి. ఖాళీ కడుపుతో తీపి టీ మానాలి. ప్రతి పూటా మాంసకృత్తులు ఉండాలి: పెసరట్టు, ఉడికించిన గుడ్డు, పప్పు, చేపలు, పెరుగు, శనగలు, వేరుశనగ గుళ్లు. మన కాలవల పక్కన దొరికే చిన్న చేపలు చాలు, ఖరీదైనవి కొనక్కర్లేదు. కంచంలో కూర, పప్పు ముందు తిని, అన్నం తర్వాత తింటే చక్కెర నెమ్మదిగా పెరుగుతుంది. అరటిపండు తినాలనిపిస్తే నాలుగు వేరుశనగ గుళ్లతో తినండి. బెల్లం అయితే ఫరవాలేదనుకుంటారు. బెల్లమూ చక్కెరే. పూతరేకు, కొబ్బరి లౌజు పండగపూట భోజనం చివర ఒకటి సరే, ఖాళీ కడుపున వద్దు. కార్తీక సోమవారాలు ఉపవాసం ఉండేవారు డాక్టరుని అడగండి. ఉన్నా, విడిచేటప్పుడు తీపితో మొదలుపెట్టకండి.

తేడా చేసినప్పుడు ఏం చేయాలి? మూడు చెంచాల గ్లూకోజ్ గానీ చక్కెర గానీ నీళ్లలో కలిపి తాగి, పావుగంట చూడాలి. తగ్గాక గుడ్డో, శనగలో తినాలి. వట్టి గ్లూకోజ్ తాగి ఊరుకుంటే మళ్లీ ఇన్సులిన్ వచ్చి మళ్లీ పడిపోవచ్చు. సెలైన్‌తో వారం వారం తిరిగినవారి సంగతి ఇదే. తిండితో తగ్గనివారికి డాక్టర్లు ఎకార్బోజ్ అనే మాత్ర ఇస్తారు. అది పిండిపదార్థం అరగడాన్ని నెమ్మదింపజేస్తుంది. అది వాడేవారు తేడా చేసినప్పుడు గ్లూకోజ్ పొడే వాడాలి. మామూలు చక్కెర అరగడాన్ని కూడా ఆ మాత్ర ఆలస్యం చేస్తుంది.

ఆలస్యం చేయకూడనివి కొన్ని ఉన్నాయి. తెల్లవారుజామున, పరగడుపున షుగరు పడిపోవడం, మాట తడబడటం, ఫిట్స్, స్పృహ తప్పడం, కడుపు ఆపరేషను అయినవారికి ఇలా రావడం. వీటికి వేరే కారణాలు ఉండొచ్చు. క్లోమంలో గడ్డ కూడా ఉండొచ్చు, అది చాలా అరుదు. పీహెచ్‌సీ డాక్టరు చీటీతో అమలాపురం ఏరియా ఆసుపత్రికి, అవసరమైతే కాకినాడ జీజీహెచ్‌కి వెళ్లాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు గానీ చక్కెర గానీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

అత్తగారి మాత్ర సంగతికి వద్దాం. షుగరు జబ్బుకి ఇచ్చే కొన్ని మాత్రలు ఇన్సులిన్‌ని ఇంకా ఎక్కువ విడుదల చేయిస్తాయి. అసలే చక్కెర పడిపోతున్న మనిషి వాటిని వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఇంట్లో ఒకరి మాత్ర ఇంకొకరు వేసుకోవడం ఈ రోజుతో ఆపుదాం.

సమాఖ్య తరఫున మా విన్నపాలు మూడు. ప్రతి సంఘం నెల సమావేశంలో "ఎవరికైనా తరచూ దడ, వణుకు వస్తోందా?" అని ఒక్క ప్రశ్న వేయండి, మినిట్స్‌లో పేరు రాయకండి. ఉందన్నవారికి నాలుగు గడుల పుస్తకం రాయడం నేర్పండి. ఐదు గంటల పరీక్షకి వెళ్లే సభ్యురాలికి తోడుగా ఒకరు వెళ్లండి. ఆ రోజు కూలి పోతుందని మానేసేవారు ఉంటే, దారి ఖర్చులకి సంఘం అప్పు ఇవ్వండి. నెలల తరబడి సెలైన్‌కి చేసే అప్పు కంటే ఆ ఒక్క రోజు ఖర్చు తక్కువ.

ఆ సభ్యురాలు ఇప్పుడు పదింటికి గుప్పెడు శనగలు తిని మళ్లీ మిషను తొక్కుతోంది. పాత ఆసుపత్రి అప్పులో రెండు కిస్తీలే మిగిలాయి.