వినియోగపు పన్ను – లెక్క కట్టు విధము



మన బిడ్డలు కొందరు నేడు అమెరికాలోని కాలిఫోర్నియాలో కాపురమున్నారు. వారికి పనికివచ్చు విషయమొకటి మనవి చేయదలచితిమి. అచ్చట 1935 నుండి ‘యూజ్ టాక్స్’ అను వినియోగపు పన్ను కలదు. అమ్మకపు పన్ను పడని వస్తువును పొరుగు రాష్ట్రమున కొని తెచ్చి వాడుకొన్నచో, ఆ పన్ను కొన్నవారే చెల్లింపవలెను.

లెక్క సులభము. ఒరెగాన్ రాష్ట్రమున అమ్మకపు పన్ను లేదు. అచ్చట 800 డాలర్లకు బల్లను కొని తెచ్చిరనుకొందము. కనీసపు రేటు నూటికి 7.25 చొప్పున 58 డాలర్లు బాకీ. ఊరినిబట్టి స్థానికపు పన్ను పైన చేరును. వేరొక రాష్ట్రమున కొని, అచ్చట 32 డాలర్ల పన్ను చెల్లించియున్నచో, అది పోగా 26 డాలర్లే కట్టవలెను. అందుకు రసీదు భద్రపరుపవలెను.

2018లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పువలన, రాష్ట్రమున దుకాణము లేని వర్తకులచేతను పన్ను వసూలు చేయించు అధికారము రాష్ట్రములకు లభించినది. కావున నేడు పెక్కు బిల్లులలో పన్ను చేరియే యుండును. చేరని వస్తువులను మాత్రము ఏరి, రాష్ట్రపు ఆదాయపు పన్ను పత్రమున చూపి చెల్లింపవచ్చును.

అడుగువారు లేరని విడువరాదు. తరతరములుగా పరభాషాప్రాంతములందు నివసించు మనకు, ఉన్నచోటి చట్టమును మన్నించుటయే గౌరవమునకు మూలమని తెలియును. బిడ్డలతో మాటలాడునపుడు ఈ మాటయు చెప్పుదము.