వెనక్కి తీసేటప్పుడు ట్రైలరు మొరాయిస్తే



విశాఖపట్నం వన్ టౌన్‌లో పూర్ణా మార్కెట్టు చుట్టుపక్కల తెల్లవారుజామున నిలబడి చూచినట్లయితే ఒక సంగతి తెలుస్తుంది. ఊళ్ల నుంచి సరుకు తెచ్చిన బండి మార్కెట్టు దాకా సులువుగానే వస్తుంది. కష్టమంతా దానిని సందులో వెనక్కి తీసి కొట్టు ముందు నిలబెట్టడంలోనే ఉంది. 1933లో ఓడరేవు తెరవకముందే ఏర్పడిన పాతబస్తీ ఇది. ఈ సందులు ఎద్దుబండికి సరిపోయినవే గాని, ట్రాక్టరూ దాని వెనక తొట్టీ తిరగడానికి వేసినవి కావు. ఆ ఇరుకులో బ్రేకు బిగిసిపోయినా, వెనక దీపం వెలగకపోయినా, నష్టం సరుకుకే కాదు, మనిషి ప్రాణానికి కూడా రావచ్చు. అందుచేత ఈ వేళ ట్రైలరు బ్రేకులు, దీపాల తీగలు ఎందుకు మొరాయిస్తాయో, వాటిని వరుసగా ఎలా పరీక్షించుకోవాలో చెప్పుకుందాం.

ముందుగా బ్రేకు సంగతి. మన ట్రాక్టరు తొట్లలో చాలావాటికి వేరే బ్రేకే ఉండదు, బరువంతా ట్రాక్టరు బ్రేకే ఆపాలి. బ్రేకు ఉన్నవాటిలో ఒక రకం తోపుడు బ్రేకు. పడవలను ఎక్కించి జీపు వెనక కట్టుకుపోయే ట్రైలర్లలో ఇది ఎక్కువ. దీని పని చాలా తేలిక. ముందున్న బండి వేగం తగ్గించగానే వెనకనున్న ట్రైలరు దాని మీదికి తోసుకు వస్తుంది. ఆ తోపుకి కప్లింగులోని కడ్డీ లోపలికి జరుగుతుంది. ఆ కడ్డీ మీటను నొక్కుతుంది, చక్రాలలో బ్రేకు పడుతుంది. డ్రైవరు వేరే ఏమీ చేయనక్కర లేదు.

ఇక్కడే చిక్కు వచ్చి పడింది. మనం బండిని వెనక్కి తీసినప్పుడు కూడా కప్లింగు కడ్డీ లోపలికే జరుగుతుంది గదా! ఆపడానికి వచ్చిన తోపు ఏదో, వెనక్కి నెట్టే తోపు ఏదో ఆ కడ్డీకి ఎలా తెలుస్తుంది? తెలియదు. కాబట్టి బ్రేకు పట్టేస్తుంది. ఎంత యాక్సిలేటరు ఇచ్చినా ట్రైలరు కదలదు, టైర్లు ఈడ్చుకుంటాయి. ఇది చెడిపోవడం కాదు, దాని స్వభావమే అంత. ఇందుకు మూడు విరుగుళ్లు ఉన్నాయి. పాతవాటిలో కడ్డీ లోపలికి పోకుండా అడ్డుపెట్టే మీటో, పిన్నో ఉంటుంది. కొన్నిటిలో చక్రం వెనక్కి తిరిగితే షూలు వాటంతటవే వదులయ్యే ఏర్పాటు డ్రమ్ములోనే ఉంటుంది. ఇంకొన్నిటిలో విద్యుత్తుతో పనిచేసే సోలినాయిడ్ కవాటం ఉంటుంది. బ్యాకు గేరు వేయగానే వెనక దీపానికి వచ్చే కరెంటే ఈ కవాటానికీ వచ్చి, బ్రేకు నూనె చక్రాలకు పోకుండా ఆపుతుంది. అంటే ఈ మూడో రకంలో ఒక తీగ తెగితే బ్రేకు పట్టుకుంటుందన్నమాట. బ్రేకుకీ తీగకీ సంబంధం ఏమిటి అని అడిగేవారికి జవాబు ఇదే.

ఇక పరీక్ష. బండిని చదునైన నేల మీద నిలిపి, చక్రాలకు ముందూ వెనకా చెక్కదిమ్మెలు పెట్టండి. మొదటి ప్రశ్న ఇది: ట్రైలరు వెనక్కి మాత్రమే కదలడం లేదా, ముందుకు కూడా బిగపట్టి నడుస్తున్నదా? రెండు వైపులా బిగపట్టితే తప్పు కప్లింగులో కాదు, చక్రంలో వెతకాలి. కొంత దూరం నడిపి ఆపి, ప్రతి చక్రం హబ్బు దగ్గరకూ అరచేతి వెనకభాగం తీసుకువెళ్లి చూడండి, తాకవద్దు. ఒకటి మిగతావాటి కంటె బాగా వేడిగా ఉంటే ఆ చక్రంలో షూ రాసుకుంటున్నది. జాకీ వేసి చేత్తో తిప్పి నిర్ధారించుకోవచ్చు. తుప్పు పట్టిన స్ప్రింగు, వదలని చేతిబ్రేకు తీగ, మరీ దగ్గరగా బిగించిన షూ, ఈ మూడింటిలో ఏదో ఒకటి కారణమై ఉంటుంది.

వెనక్కి మాత్రమే బిగిస్తే, మీట ఉన్న రకంలో బండిని ఒక అడుగు ముందుకు లాగండి. కడ్డీ బయటికి వస్తుంది. అప్పుడు మీట వేసి వెనక్కి తీయండి. సోలినాయిడ్ ఉన్న రకంలో ఇంజను ఆపి, తాళం తిప్పి ఉంచి, బ్యాకు గేరు వేయండి. ఒక మనిషి కవాటం దగ్గర చెవి పెట్టి వినాలి. టక్కుమని చప్పుడు వస్తే కరెంటు చేరినట్టే, తప్పు కవాటంలోనో చక్రంలోనో ఉంది. చప్పుడు రాకపోతే తీగల వెంట పోవాలి.

తీగల పరీక్షకు ఖరీదైన సామాను అక్కరలేదు. 12 వోల్టుల బల్బు ఒకటి, రెండు మూరల తీగలు రెండు చాలు. ఒక కొస చట్రం మీద గీకి శుభ్రం చేసిన చోట ఆనించి, రెండవ కొసతో సాకెట్టులోని ఒక్కొక్క బెజ్జమూ తాకండి. ఏడు పిన్నుల 12 వోల్టుల సాకెట్టులో సాధారణంగా 1 ఎడమ ఇండికేటరు, 4 కుడి ఇండికేటరు, 3 ఎర్తు, 5 కుడి వెనకదీపం, 7 ఎడమ వెనకదీపం, 6 బ్రేకు దీపం. 2వ పిన్ను కొన్ని బండ్లలో పొగమంచు దీపానికి, కొన్నిటిలో బ్యాకు దీపానికి వాడతారు. అందుచేత రంగునూ అంకెనూ నమ్మవద్దు, బల్బునే నమ్మండి. మరమ్మతు చేసినవారు చేతికి దొరికిన రంగు తీగ వేసి ఉండవచ్చు. చాలా ట్రాక్టర్లకు బ్యాకు దీపమే ఉండదు. అటువంటి ట్రాక్టరుకు సోలినాయిడ్ ఉన్న ట్రైలరు తగిలిస్తే, వేరే తీగ వేయించనిదే వెనక్కి పోదు.

ట్రాక్టరు సాకెట్టు దగ్గర బల్బు వెలిగి ట్రైలరులో వెలగకపోతే, మొట్టమొదట ఎర్తు చూడండి. చాలామంది వేరే ఎర్తు తీగ లేకుండా కొక్కెం పిన్ను ద్వారానే కరెంటు తిరిగి పోతుందని వదిలేస్తారు. ఆ పిన్నుకు గ్రీజూ తుప్పూ పట్టి ఉంటే కరెంటుకు దారి ఉండదు. దీని గుర్తులు చెబుతాను. దీపాలన్నీ మసకగా వెలగడం, బ్రేకు తొక్కితే వెనకదీపం ఆరడం, ఒక ఇండికేటరు వేస్తే రెండో వైపు దీపం కూడా మిణకడం. ఈ మూడింటిలో ఏది కనబడినా బల్బులు మార్చి డబ్బు పోగొట్టుకోవద్దు, ఎర్తు సరిచేయండి. ఒక్క దీపమే వెలగకపోతే బల్బు, దాని హోల్డరు చూడండి. ఫ్యూజు మాటిమాటికీ పోతూ ఉంటే తొట్టి పైకి లేచే మడత దగ్గర తీగ చట్రానికి రాసుకుని తోలు ఊడి ఉంటుంది. ఫ్యూజు బదులు రాగితీగ కట్టడం మాత్రం నిప్పును ఇంటికి పిలిచినట్టే.

సముద్రం పక్కనున్న మనకు ఉప్పుగాలి మరో శత్రువు. సాకెట్టులోని ఇత్తడి మీద చిలుము పట్టుతుంది. నెలకొకసారి దానిని గీకి, కొంచెం వాజలైను రాయండి. పడవ ట్రైలరు నీళ్లలోకి దింపేవారు ముందుగా ప్లగ్గు పీకాలి, లేకపోతే వేడిగా ఉన్న బల్బు చల్లని నీరు తగిలి పగులుతుంది. హబ్బులు చల్లారేదాకా కూడా ఆగాలి. వేడి హబ్బు నీళ్లలో మునిగితే లోపలి గాలి ముడుచుకుని ఉప్పునీటిని లోనికి పీల్చుకుంటుంది, బేరింగులు పాడవుతాయి. పైకి తీసిన తరువాత మంచినీటితో కడగడం మరువకండి. పొలం బురదలో దిగిన తొట్టికీ ఇదే వర్తిస్తుంది.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన మాట. వెనక్కి తీసేటప్పుడు బిగుస్తున్నదని విసుగెత్తి, కొందరు బ్రేకు మీటను ఇనుపతీగతో శాశ్వతంగా కట్టేస్తారు. మార్కెట్టులో పని సులువవుతుంది, నిజమే. కాని ఆ బండే సాయంత్రం బరువుతో పాడేరు ఘాటు దిగవలసి వస్తే ట్రైలరుకు బ్రేకు లేనట్టే. గంటకు 10 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి కంటె 20 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండిని ఆపడానికి నాలుగింతలు శక్తి కావాలి. ఆ భారమంతా ట్రాక్టరు మీద పడి, వెనకనుంచి తొట్టి తోస్తే ట్రాక్టరు అడ్డం తిరుగుతుంది. కనుక వెనక్కి తీయడం అయిపోగానే పిన్ను తీయండి, మీట వదలండి. ముందుకు పది అడుగులు పోయి ఒకసారి బ్రేకు తొక్కి చూచిన తరువాతే రోడ్డెక్కండి. రోడ్డు మీద ట్రాక్టరు రెండు బ్రేకు పెడల్సునూ కలిపే కొక్కెం వేసి ఉండాలి. ఒకటే తొక్కితే బండి పల్టీ కొట్టగలదు.

వెనక్కి తీసే పద్ధతి ఎద్దుబండి తెలిసినవారికి కొత్త కాదు. పోలుగర్ర కొసను కుడికి జరిపితే బండి వెనకభాగం ఎడమకు పోతుంది గదా. రెండు చక్రాల ట్రైలరూ అంతే. అది ఎడమకు పోవాలంటే స్టీరింగు మొదట కుడికి కొద్దిగా తిప్పాలి. మడత ఎక్కువైతే మొండిగా నెట్టక, ముందుకు లాగి మళ్లీ మొదలుపెట్టండి. డ్రైవరుకు కనబడేటట్టు పక్కన ఒక మనిషి నిలబడి చేతితో సైగ చేయాలి. ఆ మనిషి కనబడకపోతే వెంటనే ఆపాలి. ట్రాక్టరుకూ ట్రైలరుకూ నడుమ గాని, ట్రైలరు వెనక గాని ఎవరూ ఉండరాదు. మార్కెట్టులో పిల్లలు తిరుగుతుంటారు, వారు తొట్టి వెనక కూర్చుంటే డ్రైవరుకు కనబడరు.

విస్తరణ సిబ్బందికి ఒక మనవి. యంత్రాల మీద గ్రామ సమావేశం పెట్టినప్పుడు నాగళ్లూ సీడ్‌డ్రిల్లులతోపాటు ఒక ట్రైలరును కూడా నిలబెట్టండి. ఒక బల్బూ రెండు తీగలూ రైతు చేతికే ఇచ్చి సాకెట్టు పరీక్ష చేయించండి. చెప్పినది మరువవచ్చు, చేసినది మరువడు.

పంట పండించడం ఎంత కష్టమో, దానిని క్షేమంగా మార్కెట్టుకు చేర్చి ఇంటికి తిరిగి రావడమూ అంతే ముఖ్యం. రేపు బండి కట్టేముందు ఒక్క పది నిమిషాలు దీపాలకూ బ్రేకులకూ కేటాయించండి. సెలవు.