ఆపద గురువు కాదు

(పఠనమందిర సభలో చేసిన ఉపన్యాసపాఠము)



పుటమున పడిన బంగారమునకు మెఱుగు హెచ్చు నని మనవారందురు. కష్టములు మనుష్యుని తీర్చిదిద్దు నని చెప్పుటకు ఈ యుపమానమును తఱచుగ వాడుచున్నాము. కాని పుటముచెంత కూర్చుండి, నిప్పు హెచ్చినప్పుడు తగ్గించి, తగ్గినప్పుడు ఊదుచుండు కంసాలిని మఱచిపోవుచున్నాము. నిప్పు తనంతట తాను నగను చేయదు. వైద్యవిద్యార్థులను గూర్చి నేడు మేము చెప్పదలచినదియు నింతియే. ఘోరవిపత్తును కన్నులార చూచిన యువకుని మనస్సు వికసింపవచ్చును, విఱిగిపోవచ్చును. వికసించిన చోట ఆ ఘనతను విపత్తున కీయరాదు.

ఒక నిదర్శనము చూడుడు. 1945 ఏప్రిలు 15వ తేదీన బ్రిటిషు సేన ఉత్తర జర్మనీలోని బెర్గెన్-బెల్సెన్ నిర్బంధశిబిరమున ప్రవేశించెను. అందు సుమారు 60,000 మంది బందీలుండిరి. పాతిపెట్టు దిక్కులేక పడియున్న శవములు వేలకొలది. ఆకలియు, పేలవలన వ్యాపించు టైఫస్ జ్వరమును ఒక్కమాఱుగ జనులను హరించుచుండెను. హాలెండు దేశమున అన్నములేక మాడుచున్నవారి సేవకై పేర్లిచ్చిన లండను వైద్యవిద్యార్థులు సుమారు 96 మందిని అధికారులు ఈ శిబిరమునకు పంపిరి.

వారింకను పట్టా పుచ్చుకొనినవారు కారు. తరగతిలో నేర్చిన రోగనిదానమునకు అచట అంతగా పనిలేకపోయెను. నేల కడుగుట, నీరు తెచ్చుట, లేవలేనివానికి రావలసిన కూడు లేవగలవాడు తన్నుకొనిపోకుండ కాపాడుట, ఇవియే వారి మొదటి చికిత్సలు. వారి చేతికిచ్చిన ఆహారములలో ఒకదాని పేరు వినిన మన గుండె కలుక్కుమనును. దానిపేరు ‘వంగక్షామ మిశ్రమము’. 1943లో పరపాలనమున వంగదేశమందు సుమారు 30 లక్షలమందిని పొట్టబెట్టుకొన్న కఱవు దానికి ఆ పేరు పెట్టినది. పాలపొడి, పిండి, పంచదార, ఉప్పు కలిపిన ఆ ద్రవము బందీలలో పెక్కురకు తీపి యధికమై సహింపలేదు. సూదిమందు ఇయ్యబోవ కొందఱు భయముతో కేకలు వేసిరి. నాజీ శిబిరములలో సూది ప్రాణములు తీయుటకును వాడబడిన సాధనము గదా! రోగికి నమ్మకము లేనిచో మందు మందు కాదని ఆ పిల్లలు గ్రంథము చదువకయే గ్రహింపవలసివచ్చెను.

మే 21వ తేదీన చివరి బారకును తగులబెట్టిరి. అయినను విముక్తి తరువాత మరణించినవారే 13,000 మందికి తక్కువ లేరు. విద్యార్థులలో కొందఱికి టైఫస్, క్షయ సోకెను. అలెక్స్ పేటన్ అను నతడు ఆ యనుభవమును వైద్యపత్రికలో వ్రాసినది 1981లో. అనగా నడుమ 36 ఏండ్లు గడచెను. మైకేల్ హార్‌గ్రేవ్ వ్రాసికొన్న దినచర్య అతడు మరణించిన ఎన్నో ఏండ్లకుగాని అచ్చుపడలేదు. ఇన్నేండ్ల మౌనమును మనము ధైర్య మనవచ్చునా?

మనోవిజ్ఞానశాస్త్రము దీనిని గూర్చి యేమనుచున్నది? అమెరికాలోని టెడెస్కీ, కాల్హౌన్ అను నిరువురు పండితులు ‘వేదనానంతర వికాసము’ అను భావమును ప్రతిపాదించి, 1996లో 21 అంశముల ప్రశ్నావళిని ప్రకటించిరి. ఆత్మబలము, తోడివారియెడ ఆర్ద్రత, కొత్తదారులు, జీవితముపై మక్కువ, ఆధ్యాత్మికమైన మార్పు అని వికాసమును అయిదు తెఱగుల విభజించిరి. వారు నొక్కిచెప్పినది వేఱొకటి కలదు. వికాసము విపత్తువలన కలుగదు, విపత్తుతో మనస్సు చేయు పెనుగులాటవలన కలుగును. అది కలిగినంత మాత్రమున దుఃఖము తొలగిపోదు, రెండును ఒకే యెదలో కాపురముండును. పెరిగితి మని చెప్పుకొనువారందఱు నిజముగ పెరిగినవారేనా యని శంకించు పండితులును లేకపోలేదు. ఆ శంక మనకు మేలే. ఆత్మస్తుతికి అది కళ్లెము.

తలపులు తామై వచ్చి పీడించుట వేఱు, తాను కూర్చుండి తలపోయుట వేఱు. మొదటిది నిద్రను చెఱచును. రెండవది వివేకమునకు దారితీయును. మొదటిదానినుండి రెండవదానికి చేరుటకు తీరిక కావలెను, తీర్పు చెప్పక వినునట్టి చెవి కావలెను. పుటముచెంత కంసాలి యితడే.

ఇక మన దేశమునకు వత్తము. 2021 మే 3వ తేదీన, కోవిడ్ రెండవ వెల్లువ ముమ్మరముగ నున్నపుడు, కేంద్రప్రభుత్వము చివరి సంవత్సరపు వైద్యవిద్యార్థులను అధ్యాపకుల పర్యవేక్షణమున సేవకు వినియోగింప నిశ్చయించెను. దేహమునకు టీకా, ప్రాణమునకు బీమా, 100 దినములు పనిచేసినవారికి ప్రభుత్వోద్యోగములలో ప్రాధాన్యము, సమ్మానము వాగ్దానము చేసెను. ఇవన్నియు యుక్తములే. కాని ప్రాణవాయువు చాలక తన చేతిలో కన్నుమూసిన రోగిని రాత్రివేళ మరల మరల చూచు యువతి మనస్సునకు ఏ టీకా కలదు? ‘వీరులు’ అని మనము చప్పట్లు కొట్టితిమి. వీరుడన్న పేరు మోయువాడు ‘నాకు భయమైనది’ అని యెవనితో చెప్పుకొనగలడు?

కావున విశాఖపట్టణము మొదలు హైదరాబాదు వఱకు గల వైద్యకళాశాలల పెద్దలకు మా మనవి యిది. విపత్తులో విద్యార్థిచేత పని చేయించుకొనిన యెడల, ఆ పిమ్మట వారమున కొక్క గంట వానితో కూర్చుండుడు. వృద్ధవైద్యుడు తాను చూచిన మొదటి మరణమును ముందుగ తానే చెప్పవలెను. శిష్యునికి నోరు పెగలుటకు అంతకంటె దారిలేదు. మనోవైద్యుని యొద్దకు పోయినవాని పేరు ఏ చిట్టాలోను మచ్చగ నిలువరాదు. ఎదుగలేదని యెవ్వనిని నిందింపకుడు. విఱుగక నిలిచిన చాలు, అదియు ఘనకార్యమే.

రేపు మఱియొక తుపాను రావచ్చును, మఱియొక మహమ్మారి రావచ్చును. అపుడును మొదట పరుగెత్తి వచ్చువారు ఈ పిల్లలే. వారిని పిలుచుటకు మనకు హక్కు కలదు. పిలిచినపిదప వారి చెంత కూర్చుండు బాధ్యతయు మనదే.