కేకు మీది చాక్లెట్ క్రీమ్: ఇంట్లో చేసే పద్ధతి, లెక్క



మన ధూల్‌పేట్‌లో చేతిపనికి కొదవ లేదు. చవితికి గణపతులు, సంక్రాంతికి పతంగులు. పండుగ పోతే పని పోతది, గ్రూపు లోన్ కిస్తీ మాత్రం నెలనెలా కట్టాలె. పుట్టినరోజులకు సీజన్ లేదు. అందుకే కేకుల మీద పూసే చాక్లెట్ క్రీమ్ గురించి చెప్తున్న.

పన్నెండు కప్పు కేకులకు ఉప్పు లేని వెన్న 100 గ్రాములు, చక్కెర పొడి 200 గ్రాములు, కోకో పొడి 40 గ్రాములు, కాచి చల్లార్చిన పాలు రెండు మూడు చెంచాలు, చిటికెడు ఉప్పు చాలు. సరుకు పక్కనే బేగంబజార్‌లో హోల్‌సేల్‌గా దొరుకుతది.

కోకో, చక్కెర కలిపి జల్లెడ పట్టండి, లేకుంటే ఉండలు కడతది. వెన్న వేలితో నొక్కితే దిగేంత మెత్తగ ఉండాలె, కరగొద్దు. అది తెల్లబడేదాక గిలకొట్టి, పొడి కొద్దికొద్దిగ వెయ్యండి. పాలు చివరికి, చెంచా చెంచా. బీటర్ లేకుంటే గట్టి గరిటె చాలు. కేకు పూర్తిగ చల్లారినంకనే పూయాలె. ఎండకాలం క్రీమ్ జారితే పావుగంట ఫ్రిజ్‌లో పెట్టి మళ్లా గిలకొట్టండి.

ఇక ధర. వెన్న, కోకో, గ్యాస్, డబ్బా అన్నీ రాస్తం, మన కూలి రాయం. అట్ల మిగిలింది లాభం కాదు, మన కూలే. నిలబడ్డ గంటలకు కూడా లెక్క కట్టండి. ఆహార భద్రత రిజిస్ట్రేషన్ చేయించుకున్నంకనే అమ్మండి.

వచ్చే మీటింగ్‌కు గిన్నె, గరిటె, లెక్కల పుస్తకం తెచ్చుకోండి. కలిసి చేద్దాం.