విద్యయు ఋణమును



ఈ వార్షికమహాసభయందు విద్యావిషయమును గూర్చి నాలుగుమాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు మమ్ముఁ గోరిరి. మేము ముప్పదినాలుగేండ్లు పాఠశాలలయందు సంస్కృతాంధ్రములు బోధించి విశ్రాంతి గొన్నవారము. విద్యామహిమను వర్ణించుట మాకు సులభము. వినుట మీకును సులభమే. కాని నేఁడు ఆ మహిమను విడిచి, విద్య వెలను గూర్చి చెప్పఁదలఁచితిమి.

మానవుఁడు మూఁడు ఋణములతోఁ బుట్టుచున్నాఁడనియు, అందు ఋషిఋణము అధ్యయనముచేతఁ దీఱుననియు మన పెద్దలు చెప్పిరి. విద్య ఋణమును దీర్చునని పూర్వుల మతము. నేఁటి గృహస్థునకు ఆ విద్యయే ఋణమును దెచ్చిపెట్టుచున్నది. ఇది యెట్లు సంభవించెను?

మన రాష్ట్రమున 1983వ సంవత్సరముననే కాపిటేషన్ ఫీజును నిషేధించుచు శాసనము పుట్టెను. 1993లో ఉన్నికృష్ణన్ వ్యాజ్యమున సుప్రీముకోర్టువారు వృత్తివిద్యాకళాశాలలయందు సగము స్థానములు స్వల్పరుసుమునకును, సగము అధికరుసుమునకును ఇచ్చు పద్ధతి నేర్పఱచిరి. 2002లో టి. ఎం. ఏ. పాయ్ ఫౌండేషన్ వ్యాజ్యమున పదునొకండుగురు న్యాయమూర్తులు ఆ పద్ధతిని ద్రోసివేసి, ప్రభుత్వసహాయము పొందని కళాశాలలు తమ రుసుమును తామే నిర్ణయించుకొనవచ్చుననియు, లాభాపేక్ష మాత్రము కూడదనియుఁ దీర్పు చెప్పిరి. పిమ్మట రుసుములను విచారించు సంఘము లేర్పడినవి. 2004–2009 నడుమ వై. యస్. రాజశేఖరరెడ్డిగారి ప్రభుత్వము ఫీజు రీయింబర్సుమెంటును దెచ్చుటతో బీదబిడ్డలకు ఇంజనీరింగు కళాశాలల వాకిళ్లు తెఱువఁబడెను. అది గొప్ప మేలు. అయినను ప్రభుత్వధనము ఆలస్యమైనప్పుడెల్ల భారము తలిదండ్రులపైఁ బడుచున్నది. మేనేజిమెంటు కోటాలోఁ జేరినవారికి ఆ మేలును లేదు. ప్రభుత్వవిద్యాలయములయందును వెల పెరిగినది. 2016లో ఐ.ఐ.టి.ల సాంవత్సరికరుసుము 90,000 రూపాయలనుండి 2 లక్షల కెక్కెను.

ఇఁక మా తప్పు నొకటి ఈ సభాముఖమున ఒప్పుకొనవలసియున్నది. ఎనిమిదేండ్ల క్రిందట మా పూర్వవిద్యార్థి యొకఁడు కన్వీనరు కోటాలో స్థానము దొరకక ఒక కళాశాలలో మేనేజిమెంటు కోటాయందుఁ జేరఁబోయెను. అతని తండ్రి రెండెకరముల రైతు. ఏమి చేయుదునని మమ్మడిగెను. "అప్పు చేసియైనఁ జదివింపుము, విద్య యెన్నఁడును నష్టము కాదు" అని మేము చెప్పితిమి. బ్యాంకు ఋణము చాలక, అతఁడు నూటికి నెలకు రెండురూపాయల వడ్డీకి ఊరిలోఁ దెచ్చెను. నూటికి రెండనఁగా ఏఁటికి ఇరువదినాలుగు! పట్టము వచ్చెను, తగిన యుద్యోగము రెండేండ్లు రాలేదు. ఎకరము పొలము పోయెను. అతఁడు మాయింటికి వచ్చి, "మాస్టారూ! మీరు చెప్పినది తప్పనను. కాని కడకు ఎంత యగునో ముందే యెవరైన లెక్కవేసి చెప్పియుండినఁ బాగుండెడిది" అనెను. మేము తలవంచితిమి. విద్య విలువ మేమెఱుఁగుదుము; అప్పు లెక్క మేమెఱుఁగము. ఎఱుఁగనిదానిని ఉపదేశించితిమి.

అందువలన నేఁడు ఆ లెక్కయే చెప్పుచున్నారము. ఒక బాలుఁడు నాలుగేండ్ల చదువునకు ఏఁటేఁట రెండున్నర లక్షల చొప్పున పదిలక్షలు నూటికి పదివంతుల వడ్డీకిఁ దెచ్చెననుకొనుఁడు. చదువుకాలమును, పిమ్మటి యొక సంవత్సరమును బ్యాంకువారు వాయిదా లడుగరు. కాని వడ్డీ నిద్రపోదు. ఆ యైదేండ్లలో సాధారణవడ్డీయే మూఁడున్నర లక్షలగును. పదిలక్షలు పదుమూఁడున్నర లక్షలై కూర్చుండును. దానిని పదేండ్లలోఁ దీర్పవలెనన్న నెలకు సుమారు 17,800 రూపాయలు. క్రొత్తగా ఉద్యోగమునఁ జేరిన బిడ్డకు వచ్చు జీతమెంత, అందు మిగులునదెంత? సంతకము పెట్టుటకు ముందే ఈ ప్రశ్న వేసికొనవలయును.

బ్యాంకుఋణ మంతయుఁ జెడ్డదని మేము చెప్పము. నాలుగున్నర లక్షలకు లోఁబడిన కుటుంబాదాయము గలవారికి, నియమములకు లోఁబడి, సాంకేతిక వృత్తివిద్యలు చదువుకాలమునకును దానిపై నొక సంవత్సరమునకును వడ్డీని కేంద్రప్రభుత్వమే భరించు పథకము 2009నుండి కలదు. 2024 నవంబరులో ఆమోదింపఁబడిన ప్రధానమంత్రి విద్యాలక్ష్మి పథకముచే ఎన్నికచేసిన ఉత్తమవిద్యాసంస్థలలోఁ జేరినవారికి తాకట్టును హామీదారును లేకయే ఋణము దొరకును. వీనిని దెలియక, దరఖాస్తు పెట్టక, ఎందఱో వడ్డీవ్యాపారి గుమ్మము త్రొక్కుచున్నారు. మఱియొక మాట. కొమరుని చదువునకుఁ బొలము కుదువఁబెట్టువారు కూఁతురి చదువునకు అప్పేల యనుచున్నారు. ఇది మన యిండ్లలోని మాటయే; దీనిని మనమే మానుకొనవలయును.

1918లో హైదరాబాదున రెడ్డి హాస్టలు వెలసెను. అట్టి వసతిగృహములు పలుకులములవారు కట్టి, దూరగ్రామముల బాలురకు అన్నమును నీడయు నిచ్చిరి. ఆనాఁటి కొఱఁత అన్నము. ఈనాఁటి కొఱఁత రుసుము. కావున మేము సభవారిని మూఁడు కోరుచున్నారము. మొదటిది, ప్రవేశములకాలమున మన సంఘభవనమునందు లెక్కయెఱిఁగిన యిద్దఱు కూర్చుండి, ప్రతితలిదండ్రులకును రుసుము, పథకములు, వడ్డీ విప్పిచెప్పవలయును. రెండవది, వడ్డీ లేని విద్యానిధి నొకదానిని స్థాపించి, నూటికి రెండురూపాయల వడ్డీలోఁ జిక్కినవారిని ముందు విడిపింపవలయును. మూఁడవది, వచ్చు సంవత్సరమునుండి తోరణములకును, పూలదండలకును, శాలువలకును అగు వ్యయములో సగము ఆ నిధికిఁ జేర్పవలయును. మాకు శాలువ కప్పఁదలఁచినవారు దాని వెలను నిధిలో వేయుదురుగాక. ఏఁటేఁట మా పింఛనులో నొకనెల మొత్తమును మేమును సమర్పింతుము.

రఘువంశమునఁ గౌత్సుని కథ మీరెఱిఁగినదే. గురుదక్షిణకై పదునాలుగుకోట్లు వేఁడవచ్చిన ఆ శిష్యునికి, సర్వస్వము దానముచేసి మట్టిపాత్రతో నున్న రఘుమహారాజు, లేదని చెప్పి పంపక కుబేరునివలనఁ గురిసిన బంగారమంతయు నిచ్చెను. కౌత్సుఁడో తన యక్కఱకు మించి పుచ్చుకొననొల్లఁడయ్యెను. సాకేతవాసులు ఇరువురను మెచ్చిరి. మన విద్యానిధియందు ఇచ్చువారు రఘువువలెను, పుచ్చుకొనువారు కౌత్సునివలెను ఉందురుగాక. అక్కఱకు మించి అడుగక, ఉద్యోగము రాఁగానే తిరిగి చెల్లించి, వెనుకటి తమ్మునికి త్రోవ విడుచుటయే పుచ్చుకొన్నవాని ధర్మము.

ఆ రైతుకుఁ బోయిన యెకరమును మేము తిరిగి యీయలేము. మఱియొకని యెకరము పోకుండఁ జూడవచ్చును. ఈ సభ తలఁచిన నది యసాధ్యము కాదు.

స్వస్తి.