సెప్టెంబరు 17న ఠాను నాయక్ పేరు ఎందుకు వినపడదు?



పోయిన సెప్టెంబరు 17న మా హాస్టల్లో జెండా ఎగరేసి చాక్లెట్లు పంచుతుంటే ఒక తొమ్మిదో తరగతి పిల్ల అడిగింది: "మేడం, ఇయ్యాల పండుగ పేరేంది?"

2022లో రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినం అన్నది. కేంద్రం హైదరాబాద్ విమోచన దినం అన్నది. 2024లో ప్రజాపాలన దినోత్సవం అయింది. టీచర్ ట్రైనింగ్ చేసినదాన్ని, ఒక్క ప్రశ్నకు మూడు జవాబులు చెప్పాల్సి వచ్చింది! "మరి మన తండాకు కూడా ఆ రోజే విముక్తి వచ్చిందా?" అని మళ్లీ అడిగింది. దానికి మాత్రం జవాబు చెప్పలేకపోయాను.

1948 సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయాడు. రజాకార్ల పీడ పోయింది. అది చిన్న మాట కాదు. మా నాయనమ్మ ముసలితనంలో కూడా రజాకార్ల పేరెత్తితే తలుపు గడియ పెట్టేది. కానీ అదే నిజాం 1950 జనవరి 26న రాజప్రముఖ్ అయ్యాడు. దేవరుప్పుల మండలం ధర్మాపురం తండాల భూమి కోసం దొరల మీద కొట్లాడిన జాటోతు ఠాను నాయక్ అదే 1950లో ప్రాణం పోగొట్టుకున్నాడు. విముక్తి వచ్చిందన్నాక! గోదావరి అడవుల్లో దళాలకు అన్నం దొరకొద్దని కోయ గూడేలను ఖాళీ చేయించారు. పోరాటం ఆగింది 1951 అక్టోబరులో.

అందుకే ఈ రోజు మనకొద్దని కొందరు తమ్ముళ్లు అంటున్నారు. వాళ్ల కోపం నాకు అర్థమవుతుంది, కానీ నేను ఒప్పుకోను. అమెరికాలో కొలంబస్ పేరున అక్టోబరులో సెలవు ఉంది. 1492లో అతను దిగేసరికే అక్కడ మనుషులున్నారు కదా! 1992లో బర్క్‌లీ నగరం ఆ రోజును ఆదివాసుల దినంగా మార్చుకుంది. తర్వాత చాలా ఊళ్లు అదే పని చేశాయి. రోజును వదులుకోలేదు, ఆ రోజు ఎవరిని తలుచుకోవాలో మార్చుకున్నారు.

మనం వదిలేస్తే ఆ మైకు వేరేవాళ్ల చేతిలోనే ఉంటుంది. పాలకుర్తి ఐలమ్మ పేరు మా పిల్లలందరికీ తెలుసు, సంతోషం. పక్క మండలం ఠాను నాయక్ ఎవరంటే నలభై మందిలో ఇద్దరు చేతులెత్తారు.

వచ్చే సెప్టెంబరు 17న మా హాస్టల్లో జెండా వందనం కాగానే ఆ పిల్లే ఠాను నాయక్ గురించి మాట్లాడుతుంది. మీ తండాల్లో, గూడేల్లో ఆనాటి సంగతులు తెలిసిన పెద్దలుంటే, ఈ ఎండాకాలం సెలవుల్లోనే వాళ్ల మాటలు ఫోన్లో రికార్డు చేసి నాకు పంపండి. ఆ పిల్లకు చదువుకోవడానికి కావాలి.