చెడుగుడు బరి – ఆరు షిల్లింగుల తగవు



కూలి మానుకొని ఊరి పక్షమున ఆడవచ్చిన పిల్లవానికి ఆ దినపు కూలి ఎవరు ఇయ్యవలెను? నేటి ప్రసంగములో నేను విచారింపదలచినది ఈ యొక్క ప్రశ్నయే. ప్రశ్న చిన్నది. కాని దీనికి సమాధానము కుదరక 1895వ సంవత్సరమున ఇంగ్లండు దేశములో ఒక గొప్ప ఆట నిలువున రెండుగా చీలిపోయినది. నూటముప్పది యేండ్లు గడచినను ఆ రెండు ముక్కలు నేటికిని అతుకుకొనలేదు. సంక్రాంతి దినములలో మన కోనసీమ గ్రామములందు చెడుగుడు బరులు గీయునపుడెల్ల నాకు ఆ తగవు జ్ఞప్తికి వచ్చుచుండును.

ఆ ఆట పేరు రగ్బీ. ఇంగ్లండు నడిమి భాగమున రగ్బీ యను పట్టణమున ఒక ప్రాచీన పాఠశాల కలదు. ఆట అక్కడి పిల్లలది గనుక ఊరిపేరే ఆటకు వచ్చినది. 1823లో విలియం వెబ్ ఎల్లిస్ అను విద్యార్థి, కాలితో తన్నవలసిన బంతిని చేతబట్టి పరుగెత్తెననియు, దానితో ఈ ఆట పుట్టెననియు ఒక కథ చెప్పుదురు. ఆయన గతించిన పిమ్మట వెలువడిన కథ యిది. దానికి గట్టి సాక్ష్యము లేదు. అభిమన్యుడు పద్మవ్యూహమున చొచ్చుటనుండి మన చెడుగుడు పుట్టినదను మాటకు ఎంత సాక్ష్యమో దీనికిని అంతే. ఏ ఆటకైనను ఒక మూలపురుషుని నిలుపనిదే మనుష్యులకు తృప్తి కలుగదు కాబోలు.

రగ్బీ బంతి గుండ్రముగా నుండదు. డొక్క తీయని కొబ్బరికాయవలె కోలగా నుండును. పక్షమునకు పదునైదుగురు. బంతిని చంకనిడుకొని ఎదిరిపక్షపు గీత దాటి నేలకు తాకింపవలెను. చేతితో ముందునకు విసరరాదు. వెనుకకో ప్రక్కకో మాత్రమే అందింపవలెను. బంతి గలవానిని ఎదిరివారు నడుము పట్టియు, తొడలు పట్టియు పడవేయవచ్చును. ఒక్కొక్కవేళ ఇరుపక్షములనుండి ఎనమండుగురేసి తలలు వంచి, భుజములు కలిపి, రెండు ఆంబోతులు కొమ్ములు కలిపినట్లు త్రోచుకొందురు. చెడుగుడు ఎరిగిన వానికి ఈ ఆటలో తెలియనిది అంతగా ఉండదు. ఇక్కడ కూత, అక్కడ బంతి. పట్టు మాత్రము ఒక్కటే.

ఈ ఆటకు మన దేశపు వెండితో ఒక చుట్టరికము కలదు. 1872 క్రిస్మసు పండుగనాడు కలకత్తాలో నున్న ఇంగ్లండువారు ఒక పక్షమును, స్కాట్లండు, ఐర్లండు, వేల్సువారు ఒక పక్షమునుగా చేరి ఈ ఆట ఆడిరి. మరుసటి యేట క్లబ్బు పెట్టిరి. మన యెండలకు అది సాగలేదు. జనుల మనసులు పోలోవైపు, టెన్నిసువైపు మరలినవి. క్లబ్బు మూయుచు బ్యాంకులోని నిలువను వెండిరూపాయలుగా తీసికొని, 270 రూపాయలు కరగించి, మూడు త్రాచుపాములు పిడులుగాను, మూతపై ఏనుగుబొమ్మతోను ఒక పాత్ర చేయించి ఇంగ్లండునకు కానుకగా పంపిరి. 1879 మొదలు నేటివరకు ఇంగ్లండు, స్కాట్లండు దేశములవారు ‘కలకత్తా కప్పు’ అను పేర ఆ పాత్రకొరకే పోటీపడుచున్నారు. క్లబ్బు పోయినది, రూపాయి నిలిచినది.

ఇక తగవు మాట. 1871 జనవరిలో 21 క్లబ్బులవారు లండనులో కూడి రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్ అను సంఘమును స్థాపించిరి. ఆ సంఘపు పెద్దలలో పలువురు గొప్ప పాఠశాలలలో చదివిన కలిగినవారి బిడ్డలు. ఆట ఆటకొరకే ఆడవలెను, ధనము ముట్టినచో మైల యనునది వారి నియమము. ఇట్లాడువానిని వారు అమెచ్యూర్ అందురు. ప్రేమించువాడు అని ఆ పదమునకు మూలమైన లాటిను మాటకు అర్థము. ఎంత చక్కని మాట! నేను నా యుద్యోగ కాలమున తరగతిలో ఈ మాటను పలుమార్లు పిల్లలకు వివరించి చెప్పినవాడను. నిష్కామకర్మకు ఇంగ్లీషు పర్యాయపదమిది యని కూడ తోచును.

అయితే ఉత్తర ఇంగ్లండులో, యార్క్‌షైరు, లాంకషైరు మండలములలో, బొగ్గుగనులలోను నూలుమిల్లులలోను పనిచేయు కూలీలు ఈ ఆటలోనికి దిగిరి. వారు దిగిన పిమ్మట ఉత్తరాది జట్లను గెలుచుట ఇతరులకు కష్టమైనది. కూలివానికి శనివారమునను సగము దినము పని యుండెను. ఆటకై పొరుగూరు పోయినచో ఆ కూలి పోవును. పోయిన పనివేళకు బదులుగా ఆరు షిల్లింగులు ఇచ్చుటకు అనుమతింపుడని ఉత్తరాదివారు అడిగిరి. 1893లో సంఘపు మహాసభ ఆ కోరికను త్రోసివేసినది. 1895 ఆగస్టు 29వ తేదీన హడర్స్‌ఫీల్డు పట్టణమున జార్జి హోటలులో ఉత్తరాది క్లబ్బులవారు కూడి, తల్లిసంఘమును విడిచి వేరు సంఘము కట్టుకొనిరి. తరువాత వారి ఆటకు పదుమువ్వురే ఆటగాండ్రు, నియమములు వేరు. రగ్బీ లీగు అని పేరు వేరు. తల్లిసంఘపు ఆట రగ్బీ యూనియన్ అని మిగిలినది.

ఆరు షిల్లింగులు కాదన్న పెద్దలకు ఆరు షిల్లింగులు లెక్కయే కాదు. ఆట పవిత్రతను కాపాడితిమని వారు మనఃపూర్వకముగనే నమ్మిరి. వారికి కూలి లేదు గనుక కూలి పోవుట యన నేమో తెలియలేదు. నాకు తోచునది యిది: నిష్కామముగా ఆడుమని చెప్పు అధికారము, ఆడినందున తానును ఏదో కోల్పోవువానికే యుండవలెను.

అంతటి తల్లిసంఘము గెలుపోటముల పట్టికలు వేసి లీగులు నడుపుటకు గూడ చాలకాలము జంకినది. పట్టిక యున్న పోటీ పెరుగును, పోటీ పెరిగిన ధనము చేరునని దాని భయము. తుదకు 1987లో దేశమంతటను అంతస్తులుగా లీగులు ఏర్పరచిరి. గెలిచిన జట్టు మరుసటి యేట పై మెట్టెక్కును, ఓడినది దిగును. 1995 ఆగస్టులో, చీలిక వచ్చిన నూరేండ్లకు సరిగా, ధనము పుచ్చుకొనరాదను నియమమునే తీసివేసిరి. నేడు పై మెట్లలో జీతగాండ్రు ఆడుచున్నారు. క్రింది మెట్లలో, అనగా ప్రాంతీయ లీగులలోను, కౌంటీ లీగులలోను ఆడువారు వారమెల్ల తమ తమ వృత్తులు చేసికొని శనివారమున ఆడువారు. గడ్డి కోయుట, గీతలు గీయుట, పిల్లలకు నేర్పుట మొదలగు పనులు ఊరివారే ఊరక చేయుదురు. ఆట ముగిసిన పిమ్మట గెలిచినవారును ఓడినవారును ఒకే గదిలో కూర్చుండి భుజింతురు. ఈ యాచారము నాకు మిక్కిలి నచ్చినది. మన బరుల వద్ద ఆట ముగిసిన తరువాత ఎదిరిజట్టు క్షేమముగా ఊరు దాటినచో అదియే పదివేలు.

ఇప్పుడు మన ఆట. మనము చెడుగుడు అందుము. తమిళులు సడుగుడు, వంగదేశీయులు హాడుడు, మహారాష్ట్రులు హుతుతు అందురు. ఈ పేర్లన్నియు ఊపిరి విడువక వేయు కూతను అనుకరించుచు పుట్టినవని నా యభిప్రాయము. నేడు దేశమెల్ల కబడ్డీ యను పేరు స్థిరపడినది. పురుషుల బరి పదుమూడు మీటర్ల నిడివి, పది మీటర్ల వెడల్పు. బరిలో ఏడుగురు, వెలుపల ఐదుగురు. ఒక్క కూతకు ముప్పది సెకండ్లు గడువు. 1936లో బెర్లిను ఒలింపిక్సు జరిగిన కాలమున అమరావతికి, అనగా బీరారులోని అమరావతికి, చెందిన హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలివారు ఈ ఆటను అక్కడ ప్రదర్శించిరి. 1990లో బీజింగు ఆసియా క్రీడలలో దీనికి పతకముల స్థానము దొరకినది. నాటినుండి పురుషుల స్వర్ణము మనదే యగుచుండగా 2018లో జకార్తాలో ఇరానువారు పురుషులను, స్త్రీలను గూడ ఓడించిరి. 2023లో హాంగ్‌ఝౌలో ఇరువురును స్వర్ణములు మరల తెచ్చిరి. ఆ క్రీడలలోనే మన అమలాపురమున పుట్టిన రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ బ్యాడ్మింటను జంటపోటీలో స్వర్ణము గెలిచినాడు. ఆ సంగతి మీరెరుగనిది కాదు.

దేశపు కబడ్డీ సంఘము పేరులో అమెచ్యూర్ అను మాట నేటికిని ఉన్నది. దాని ప్రక్కనే 2014నుండి ప్రొ కబడ్డీ లీగు అను ధనికుల పందెము నడచుచున్నది. 2023లో పవన్ సెహ్రావత్ అను ఆటగానిని తెలుగు టైటన్స్ జట్టువారు వేలములో రెండుకోట్ల అరువది లక్షలకు పైగా ఇచ్చి కొనిరి. అతడు అర్హుడే, నాకు అసూయ లేదు. కాని పైన కోట్లు, నడుమ అమెచ్యూర్ అను పేరు, అడుగున ఏమున్నది? అడుగున మన పిల్లవాడున్నాడు.

మన లంకలలో ఈ ఆటకు పుట్టినవారెవరో మీరు చూచియే యుందురు. తెల్లవారుజామునుండి గునపముపై కాయలొలుచువాని చేతికి మణికట్టు చిక్కిన, విడిపించుకొనుట ఎవరి తరము? దినమునకు పదుల చెట్లెక్కి గెలలు దింపువాని తొడల బలమును ఏ వ్యాయామశాల ఇయ్యగలదు? వీరు కూలివారు. పండుగకు మూడు దినములు ఆడవలెనన్న మూడు దినముల కూలి వదలుకొనవలెను. అంతకుముందు సాధనకై వదలినది లెక్కలోనికే రాదు.

నాయొద్ద పదవతరగతి చదివిన ఒక పిల్లవాడు ఇట్టివాడే. తండ్రి ఒలుపు పని చేయువాడు. చదువు అంతంతమాత్రము, కూతకు వెళ్ళినచో మాత్రము తిరిగి రాకుండుట లేదు. చదువు మానిన తరువాత తండ్రితో పనిలోనికి పోయినాడు. ఒక సంక్రాంతికి ఊరి జట్టులో ఆడి, చివరి యాటలో నలుగురు మీదపడగా మెడయెముక విరిగినది. జట్టు గెలిచినది. ఛాతీయెత్తు కప్పు వచ్చినది, ఊరేగింపు జరిగినది. పిల్లవాడు రెండు నెలలు చేయి మెడకు కట్టుకొని అరుగుపై కూర్చుండెను. వైద్యమునకు అప్పు చేసిరి. పండుగ వెళ్ళిన పదునైదవనాడు అతని తల్లి నాయొద్దకు వచ్చి, “పంతులుగారూ, మీరు పెద్ద పెద్ద వారికి అర్జీలు వ్రాసిపెట్టుచుందురు గదా, మా వాడి సంగతి ఒక అర్జీ వ్రాసిపెట్టండి బాబూ” అని అడిగినది. కాగితము తీసికొంటిని. ఎవరి పేర వ్రాయవలెను? ప్రభుత్వము ఆడుమనలేదు. క్రీడాసంఘమునకు ఆ పోటీ జరిగినదనియే తెలియదు. పోటీ నడిపిన కమిటీ కనుమ మరునాడే చెదరిపోయినది; దానికి పుస్తకము లేదు, సంతకము లేదు. ఆమె ఎదుట ఖాళీ కాగితమును పట్టుకొని కూర్చుంటిని. ఆ ఊరిపేరు, పిల్లవాని పేరు ఇక్కడ చెప్పను. ఇట్టిది ఏ యూరనైనను జరుగగలదు.

అదే పండుగకు కోడిపందెముల బరులలో చేతులు మారు ధనమెంతో మీరెరుగుదురు. చట్టము వలదన్నను అవి నడచుచునే యున్నవి. పుంజునకు బాదముపప్పు, జీడిపప్పు ఏరి పెట్టుచున్నాము. చెడుగుడు ఆడు బిడ్డ ఉదయము ఏమి తిని వచ్చెనో అడిగినవాడు కలడా?

ఒక యాక్షేపణ ఉన్నది, అది గట్టిది. కూలి యనుచు మొదలుపెట్టిన అది కూలితో ఆగదు, పొరుగూరి ఆటగాండ్రను కిరాయికి తెచ్చుటగా మారును అందురు. ఇంగ్లండు ఉత్తరాదివారి విషయమున అట్లే జరిగినది. ఆరు షిల్లింగులకై వేరుపడిన మూడేండ్లకు, 1898లో, వారు జీతమిచ్చుటకును ఒప్పుకొనిరి. అయితే వేరొక వృత్తి చేయుచున్నవాడే ఆడవలెనను కట్టుబాటు గూడ అప్పుడే పెట్టిరి. ఏడేండ్లలో అదియు జారిపోయినది. కావున ఆక్షేపణను నేను త్రోసివేయను. కాని మన యూళ్ళలో కిరాయి ఆటగాండ్రు ఇప్పటికే వచ్చుచున్నారు. కప్పుకై వేలు పోసి ఒకనిని తెచ్చుట కలదు, సొంత బిడ్డకు కూలి ఇచ్చుట లేదు. రెంటిలో చెడుపు ఏదో మీరే నిర్ణయింపవచ్చును. పణము వేరు, వేతనము వేరు, నష్టపరిహారము వేరు. గెలిచినందుకు ఇచ్చునది మొదటిది, ఆడినందుకు ఇచ్చునది రెండవది. ఆడుటకై కోల్పోయినదానిని తిరిగి ఇచ్చునది మూడవది. నేనడుగునది మూడవదానిని మాత్రమే.

లెక్క వేసి చూడుడు. జట్టునకు పండ్రెండుగురు. మూడు దినములు. దినకూలి ఏడువందలని వేసికొన్నను ఇరువదియైదువేల రెండువందలు. దెబ్బతగిలినవాని వైద్యమునకు విడిగా కొంత నిధి. పందిరికి, దీపములకు, ధ్వనివర్ధకములకు, అతిథుల దండలకు మనము చేయు వ్యయముతో పోల్చిన నిది బరువు కాదు. కూలి పుచ్చుకొనుటకు సిగ్గుపడు పిల్లవానికి పదిమంది ఎదుట ఇయ్యవద్దు. వాని ఇంటికి పంపవలెను. అన్నిటికిమించి ఒక పుస్తకము కావలెను. అందులో కమిటీవారి పేర్లు, సంతకములు, ఆడిన పిల్లల పేర్లు, పండుగ తరువాత ఆరునెలలవరకు ఎవరిని అడుగవలెనో ఆ పెద్దమనిషి పేరు ఉండవలెను. అట్టి పుస్తకమున్నచో ఆ తల్లికి నేను అర్జీ వ్రాయగలిగియుందును.

సంక్రాంతి కమిటీలు ధనుర్మాసము పట్టగానే మన యూళ్ళలో కూడుట వాడుక. చందాల పట్టిక వ్రాయుటకు ముందే, ఆ మొదటి కూడికనాడే ఈ పద్దు వ్రాయింపవచ్చును.